సెవిల్‌లో కొరికిన నారింజ

పండిన పండు చేతికందే ఎత్తులో వేలాడుతుంటే చూస్తూ వెళ్లిపోవడం నా వల్ల కాదు. జనవరిలో స్పెయిన్‌లోని సెవిల్ వీధులన్నీ నారింజ చెట్లే. "రోడ్డు మీది పండ్లు తినకు నాన్నా" అని మా అమ్మాయి అంటూనే ఉంది. రాలినవాటిలో నలగనిదొకటి ఏరి, ఒలిచి, తొన నోట్లో వేసుకున్నాను. ముందు పులుపు, దాని వెనకే చేదు, చెవుల దాకా పాకాయి. ఇవి ఊరికే తినేవి కావట. ఇంగ్లండువాళ్లు మార్మలేడ్‌ అనే నారింజ జామ్ కోసం కొనుక్కుపోతారట.

నోరు పుక్కిలిస్తుంటే నాయనమ్మ పెరడు గుర్తొచ్చింది. ఒలుచుకు తినడానికి కమలాలు తెచ్చేవారు. పెరటి నారింజ మాత్రం పులిహోరకే. ఆ పేరు కూడా మన వైపు నుంచి బయల్దేరిందే. ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలోకి వెళ్లి నారంగమై, పర్షియా దాటి అరబ్బీలో నారంజ్ అయిందని పదాల పుట్టుక వెతికేవారిలో చాలామంది అంటారు. ఒకప్పుడు ఈ నేలను ఏలిన అరబ్బులు చెట్టుతో పాటు పేరునూ ఇక్కడ నాటారు. స్పెయిన్‌లో నేటికీ అది నారంహా. ఇటలీ, ఫ్రాన్సువాళ్ల నోళ్లలో నాని మొదటి 'న' రాలిపోగా, ఇంగ్లీషుకు ఆరెంజ్ మిగిలింది. తమాషా ఏమిటంటే, తీపి రకాన్ని పోర్చుగీసులు వ్యాపింపజేశాక అరబ్బులే దాన్ని పోర్చుగల్ పేరు మీద బుర్తుఖాల్ అనసాగారు.

పెద్ద చర్చి ఆవరణలో చాలాసేపు నిలబడిపోయాను. 1248లో క్రైస్తవ రాజు నగరాన్ని గెలవక ముందు అది మసీదు ముంగిలి. వరుసగా నారింజ చెట్లు, ప్రతి చెట్టుకూ పాదు, పాదుకూ పాదుకూ మధ్య ఇటుకల సన్న కాలువ. ఒక చోట నీళ్లు వదిలితే చివరి చెట్టు దాకా పోవాలి. కాలువను ఇక్కడ అసేకియా అంటారు. అదీ అరబ్బీ మాటే, నీళ్లు తాపేదని అర్థం. మధువు పోసే సాకీ కూడా ఆ ధాతువు బిడ్డే. చెరకు, పత్తి, నిమ్మ ఈ నేలలో ఇలాంటి కాలువల కిందే పెరిగాయి.

పక్కనే ఉన్న కాఫీ కొట్టులో పంచదార పొట్లం మీద అసూకర్ అని ఉంది. మన శర్కర అరబ్బీలో సుక్కర్. దాని ముందు, ఇంగ్లీషు 'ది' లాంటి 'అల్' చేరిస్తే పలకడంలో అస్సుక్కర్ అవుతుంది. అరబ్బులతో కలిసి బతికిన స్పెయిన్‌వాళ్లు మాటను తొడిమతో సహా కోసుకున్నారు. ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా తొడిమ లేకుండా వెళ్లినది షుగర్. పత్తి కూడా అంతే: ఇక్కడ అల్గొదోన్, ఇంగ్లీషులో కాటన్. ఆల్కహాల్ మాత్రం తొడిమతోనే వెళ్లింది. అందులోని కుహ్ల్ అంటే కంటికి పెట్టుకునే కాటుక పొడి అని చెబితే, ఫోనులో చూసుకునేదాకా మా అమ్మాయి నమ్మలేదు.

ముప్పై ఏళ్లు బడిలో ఆల్జీబ్రా చెప్పినవాడిని, దాని సంగతి ఎత్తకుండా ఎలా ఉంటాను? బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ 9వ శతాబ్దంలో రాసిన గణిత గ్రంథం పేరులోని అల్ జబ్ర్, విరిగినదాన్ని అతకడం. పూర్వం స్పెయిన్‌లో ఎముకలు సరిచేసేవారిని అల్హెబ్రిస్తా అనేవారు. అంటే మన పుత్తూరు కట్టు కట్టేవారన్నమాట! ఈ ముక్క ముందే తెలిసి ఉంటే పిల్లలకు సమీకరణాలు ఇంకోలా చెప్పేవాడిని.

మసీదు మీనారుగా కట్టిన గిరాల్దా గోపురం కూడా ఎక్కాను. దాదాపు పైదాకా 35 వాలుబాటలే, మెట్లు చివర్లో కొన్నే. బాంగు ఇచ్చేవారు గుర్రం మీదే పైకి వెళ్లేవారట. నా మోకాళ్లకు గుర్రం దొరకలేదు.

కోటు జేబులో రెండు నారింజలు మాంచెస్టర్‌లోని అమ్మాయి ఇంటికి చేరాయి. మూడుసార్లు కడిగి, పులిహోరకు పిండబోతుంటే, "చింతపండు ఉంది కదా నాన్నా" అంటూ పొట్లం తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద టామరిండ్ అని ఉంది: అరబ్బీలో తమ్ర్ హిందీ, ఇండియా ఖర్జూరం. పొట్లం పక్కన పెట్టి నారింజలే పిండాను. ఉప్పు కాస్త ఎక్కువైంది.