మేడి, కాడి రెండూ నాలుగు ప్రశ్నార్థకాలే: నా అనుభవం

నిన్న రాత్రికి పని ఒక కొలిక్కి వచ్చింది. కడుపుమంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసిపెడుతున్నాను. ఉద్యోగ విరమణ తరువాత మా ఊరి సేద్యపు మాటలను పోగుచేసి చిన్న పుస్తకం వేయాలనుకుని, కాడి, మేడి, కర్రు, గొర్రు, గుంటక వంటి మాటలను, వాటి అర్థాలను వరుస సంఖ్యలతో 860 దాకా పాత విండోస్ 7 ల్యాప్‌టాప్‌లోని నోట్‌ప్యాడ్‌లో టైపు చేశాను. టైపు చేయడం నెల రోజుల్లో సాఫీగానే సాగింది.

సేవ్ కొట్టిన ప్రతిసారీ ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చేది. ఈ ఫైలును ఆన్సీ అనే పాత పద్ధతిలో దాస్తే యూనికోడ్ అక్షరాలు, అంటే మన తెలుగు వంటివి, పోతాయని, వద్దనుకుంటే క్యాన్సిల్ నొక్కి ఎన్‌కోడింగ్‌ను, అంటే అక్షరాలను దాచే పద్ధతిని, మార్చుకోమని అందులో స్పష్టంగానే ఉంది. నేను నెల రోజులూ ఓకే నొక్కాను. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయవద్దని 31 ఏళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషిని నేను! ల్యాప్‌టాప్ మూత వేసి తీస్తూ వచ్చానే తప్ప ఆ నోట్‌ప్యాడ్ కిటికీని ఒక్కరోజూ మూయలేదు కనుక, తెర మీద తెలుగు చక్కగా కనిపిస్తూనే ఉంది. లోపల ఫైలులో ఏముందో నాకు తెలియదు. ప్రెస్‌కు బయలుదేరే ముందు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బుద్ధిమంతుడిలా అన్నీ మూసి ల్యాప్‌టాప్‌ను ఆఫ్ చేశాను. ఆ ఒక్క పని చేయకుండా ఉంటే ఇది రాసే అవసరమే ఉండేది కాదు.

డీటీపీ కుర్రవాడు ఫైలు తెరిచాడు. వరుస సంఖ్యలు, కామాలు, ఖాళీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, మిగతాదంతా ప్రశ్నార్థకాలే. పెళ్ళి శుభలేఖల కోసం వచ్చిన నలుగురి ముందు అతడు, "మాస్టారూ, ప్రశ్నలే తెచ్చారు, జవాబులు ఇంట్లో మరిచిపోయారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరువాత, "ఏం లేదు సార్, మీ దగ్గర ఫాంటు లేదు" అంటూ ఒకదాని తరువాత ఒకటిగా ఏడు ఫాంట్లు మార్చి చూశాడు. యజమాని కూడా వచ్చి ఫాంటే అని తీర్పు చెప్పాడు. ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలో తెలుగు ఆకారాలు పెట్టుకుని పనిచేసే ఆ పాత డీటీపీ ఫాంట్లకు అలవాటు పడినవారికి ప్రతి జబ్బూ ఫాంటు జబ్బుగానే కనిపిస్తుంది. ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, ప్రశ్నార్థకాలు కాదు. ఇది నాకు ఆ రోజు తెలియకపోవడం వల్ల ఇంకో రెండు షాపులు తిరిగి అక్కడా తలదించుకున్నాను.

అసలు సంగతి మా మేనల్లుడు ఫోనులో చెప్పాడు. ఆన్సీలో అక్షరానికి ఒక్క బైటు, అంటే మొత్తం 256 గూళ్ళు మాత్రమే; అందులో తెలుగుకు చోటు లేదు. చోటు లేని ప్రతి అక్షరం స్థానంలో నోట్‌ప్యాడ్ ఒక ప్రశ్నార్థకం రాసి, అక్షరాన్ని పారేస్తుంది. "మేడి" అంటే మకారం, ఏత్వం, డకారం, గుడి, వెరసి నాలుగు ప్రశ్నార్థకాలు. "కాడి" కూడా నాలుగే. ఏది ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. "అది పోయినట్టే మామయ్యా" అన్నాడు.

అయితే నెల మధ్యలో చూడమని నేను మెయిల్‌లో అతికించి పంపిన 340 మాటలు అతని దగ్గర ఉన్నాయి. వాటిని యూటీఎఫ్-8 అనే, తెలుగుకు కూడా చోటున్న పద్ధతిలో దాచి పంపాడు. నేను ఎక్సెల్‌లో తెరిచేసరికి నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఎక్కడ చూసినా ఇదే వరస. గుండె ఆగినంత పనైంది. కానీ ఇది చావు కాదట, తప్పుగా చదవడమేనట. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు పడతాయి. వాటిని ఒక్కో బైటూ ఒక్కో అక్షరమన్నట్టు విడివిడిగా చదివితే అచ్చులు, హల్లులు, గుడి వరకు డిగ్రీ గుర్తుతోను, గుడిదీర్ఘం నుంచి కొమ్ములు, ఎత్వాలు, పొల్లు వంటివి ప్లస్-మైనస్ గుర్తుతోను కనిపిస్తాయి. ఎక్సెల్‌లో డేటా మెనూ ద్వారా ఫైలును తెచ్చుకుంటూ 65001 అన్న యూటీఎఫ్-8 వరుసను ఎంచుకోగానే 340 మాటలూ లేచి కూర్చున్నాయి. నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ వాడేవారు మాత్రం, ఇలాంటి ఫైలు తెరిచినప్పుడు ఎన్‌కోడింగ్ మెనూలో పైనున్న యూటీఎఫ్-8ను ఎంచుకోవాలి గాని, కింద కన్వర్ట్ అని ఉన్నదాన్ని నొక్కకూడదు. అది ఆ చెత్తనే నిజమనుకుని స్థిరం చేస్తుంది. నేను నొక్కాను, నకలు ఉంది కాబట్టి బతికిపోయాను.

2019 మే నాటి విండోస్ 10 మార్పు నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్ళను తనంతట తానే యూటీఎఫ్-8లో దాస్తోంది. పాత కంప్యూటరు ఉన్నవారు సేవ్ యాజ్ పెట్టెలో అడుగున ఉండే ఎన్‌కోడింగ్ వరుసను యూటీఎఫ్-8కు మార్చుకోవాలి.

మిగిలిన 520 మాటలను ఎలా రాబట్టానో చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, గర్వమే. చచ్చిన ఫైలును పక్కన పెట్టుకుని, గడినుడి పూరించినట్టు ప్రశ్నార్థకాలు లెక్కపెడుతూ, మూడుంటే "నొగ" అనీ, అయిదుంటే "కర్రు" అనీ, అర్థంలోని మాటల పొడవుతో సరిచూసుకుంటూ 17 రోజుల్లో 506 మాటలు నింపాను. 14 వరుసలు మిగిలాయి. 611వ వరుసలో ఆరు ప్రశ్నార్థకాలున్న మాట కపిల బావి (ఎడ్లతో నీళ్ళు తోడే బావి) దగ్గరిదేనని మాత్రం గుర్తుంది. దాన్ని చెప్పిన పెద్దాయన దగ్గరకు ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.