కొల్లూరు వజ్రాల కోసం పులిచింతల వెళ్తే

జగ్గయ్యపేటలో బస్సు దిగి పులిచింతల డ్యామ్ దాకా వెళ్ళి రావడానికి ఆటో అడిగితే 1500 అన్నాడు, బేరమాడి 1200కి ఒప్పించా కానీ దారంతా ఆ డబ్బులే గుర్తొచ్చాయి, దాంతో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళి రావచ్చు కదా.

నగల డిజైన్లు గీయడం నా పని. ఈసారి నీళ్ళు థీమ్‌తో నెక్లెస్ కావాలన్నారు. రెండు వారాలు అలలు, చినుకులు, చేపలు, తామరాకులు గీశా, ఏది చూసినా ఎక్కడో కేటలాగ్‌లో చూసినట్టే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది దర్యా-ఇ-నూర్. కాంతి సముద్రం అని అర్థం. లేత గులాబీ రంగు వజ్రం, ఇప్పుడు టెహ్రాన్‌లో ఇరాన్ సెంట్రల్ బ్యాంక్ ఖజానాలో ఉంది, పుట్టింది మాత్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అంటారు. ఆ కొల్లూరేమో పులిచింతల ప్రాజెక్టులో మునిగిపోయింది. సముద్రం పేరు పెట్టుకున్న రాయి పుట్టిన ఊరు నీళ్ళ కింద ఉందంటే ఇంక ఇంట్లో కూర్చోలేకపోయా.

వానలకి రిజర్వాయర్ నిండుగా ఉంది. 45.77 టీఎంసీలు అని పేపర్లో చదివినప్పుడు ఏమీ అనిపించలేదు, ఇక్కడ కొండలు నడుం దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఒడ్డున ఒక పెద్దాయన వల బాగు చేసుకుంటున్నాడు. కొల్లూరు ఎటు బాబాయ్ అంటే తలెత్తకుండానే గడ్డంతో ఎగువకి చూపించాడు. "ఆ కొండ వారనుంచి అంతా నీళ్ళేగా అమ్మా. వజ్రాలకొచ్చావా?"

చూడ్డానికే వచ్చానని చెప్పి పక్కనే కూర్చుని టావెర్నియర్ సంగతి చెప్పా. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి, ఈ గనిలో 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు పది, పద్నాలుగు అడుగులు తవ్వేవాళ్ళట, నీళ్ళు పడితే ఇంక ఆ గుంటలో ఆశ లేనట్టే. ఆ నీళ్ళనే కుండలతో తోడి, ఆడవాళ్ళూ పిల్లలూ మోసుకొచ్చిన మట్టి మీద పోసి నానబెట్టి, ఎండాక చేటలతో చెరిగేవాళ్ళు. పెద్దాయన అప్పుడు తలెత్తాడు. "వడ్లు చెరిగినట్టేగా!" అవును బాబాయ్, అచ్చం అట్లాగే.

టావెర్నియరే ఇంకో మాట రాశాడు, నేను అసలు దానికోసమే వచ్చాననుకోవచ్చు. వజ్రం మెరుపుని, తేటదనాన్ని వాళ్ళు నీరు అనేవాళ్ళు. ఉర్దూలో కూడా ఆబ్ అంటే నీళ్ళు, రత్నం మెరుపూ ఆబే. ఆ నీరు నీలంగా ఉందో లేదో తేలాలంటే దట్టంగా ఆకులున్న చెట్టు కిందకి తీసుకెళ్ళి ఆ పచ్చటి నీడలో చూడాలట, అంతకంటే నమ్మకమైన పరీక్ష లేదన్నాడు. ఒడ్డున వేపచెట్టు ఉంది. అమ్మమ్మ ఇచ్చిన ఒంటిరాయి ముక్కుపుడక తీసి అరచేతిలో పెట్టుకుని దాని కిందకి వెళ్ళా. ఎండలో తళతళమని చికాకు పెట్టే రాయి నీడలోకి రాగానే నెమ్మదించింది, మెరుపు లోపలికి దిగింది, గ్లాసులో అడుగున మిగిలిన నీళ్ళలాగా ఒక చిన్న తేట. నలభై ఏళ్ళు అమ్మమ్మ ముక్కున చూశా, ఇది ఎప్పుడూ కనపడలేదు.

నాకు కోహినూర్ గుర్తొచ్చి బాధేసింది. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే మెరవట్లేదన్నారు, 1852లో మళ్ళీ సాన పట్టించారు, 191 క్యారెట్ల రాయి 105.6కి వచ్చింది. మెరుపు కోసం దాని నీళ్ళు పారబోశారనే నాకు అనిపిస్తుంది. దర్యా-ఇ-నూర్ మాత్రం ఇంకా పలకలాగా బల్లపరుపుగానే ఉంది, గాలి లేనప్పుడు చెరువు ఉన్నట్టు. మన పాతవాళ్ళు అలల్ని చెక్కలేదు, రాయినే నీళ్ళలా ఉండనిచ్చారు.

తిరుగు బస్సులో, నందిగామ దాటాక, పాత స్కెచ్‌లు అన్నీ కొట్టేసి ఒకటే గీశా: మధ్యలో పల్చటి పెద్ద అన్‌కట్ రాయి ఒకటి, చుట్టూ ఖాళీ బంగారం, ఇంకేమీ లేదు. ఆచారి గారికి ఫోన్ చేస్తే ఇంత ఖాళీ ఏంటమ్మా, నాలుగు ముత్యాలైనా వేలాడదీద్దాం అన్నారు. వద్దండీ, ముందు రాయి ఏరండి, కొట్లో లైట్ల కింద మాత్రం చూడొద్దు, మీ వాకిట్లో మామిడి చెట్టుంది కదా అన్నా.