ప్రోనోటు మీది సిరాను లేజర్‌తో చదివితే

ప్రోనోటు మీద తేదీ 2021 అని ఉందనుకోండి. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, ఇక దాని మీద దావా నిలబడదు. చివరి 1ని 4 చెయ్యడానికి రెండు గీతలు చాలు. అదీ నీలం బాల్‌పెన్నే, ఇదీ నీలం బాల్‌పెన్నే, కంటికి తేడా ఏమీ ఆనదు, అప్పు తీసుకున్నాయన మాత్రం "అయ్యా, నేను సంతకం పెట్టినప్పుడు అక్కడ నాలుగు లేదు" అని మొత్తుకుంటాడు. ఆ రెండు గీతల్లోని సిరా, పక్కనున్న 202లోని సిరా ఒకటేనా? కాగితాన్ని కత్తిరించకుండా ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి రామన్ స్పెక్ట్రోస్కోపీ పనికొస్తుంది.

ఒకే రంగు కాంతిని సిరా మీద పడేస్తే దాదాపు అంతా అదే రంగుతో వెనక్కి చెదురుతుంది. సుమారుగా కోటికి ఒక్క కాంతి కణం మాత్రం కొద్దిగా రంగు మారి వస్తుంది. ఎంత మారిందన్నది ఆ సిరాలోని అణువు ఎలా కంపిస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఒక్కో రంగు పదార్థానికి పరికరం తెర మీద దానిదైన గీతల వరస వస్తుంది. సి.వి. రామన్ 1928లో కలకత్తాలో దీన్ని పట్టుకున్నప్పుడు లేజర్లే లేవు, అవి వచ్చింది 1960లో. ఇంత సన్నటి కాంతిని రోజువారీ పరీక్షగా మార్చింది మాత్రం లేజరే. మైక్రోస్కోపు కింద పెట్టి, గీతలో వెంట్రుక మందం కన్నా చిన్న చుక్కను ఎంచుకుని చదవొచ్చు. పాత పద్ధతిలో అయితే గీతలోంచి చిన్న బిళ్ల కత్తిరించి, ద్రావకంలో కరిగించి, రంగుల్ని విడదీస్తారు. పైగా చాలా జెల్ పెన్నుల్లో ఉండే రంగు పొడి సరిగ్గా కరగదు, అందుకే అక్కడ ఆ పద్ధతి చేతులెత్తేస్తుంది.

అయితే రామన్‌తో పని అంత సులువేం కాదు. బాల్‌పెన్నుల్లో వాడే ఊదా, నీలం రంగులు కొన్ని లేజర్ తగలగానే తామే వెలగడం మొదలుపెడతాయి, ఆ వెలుగులో మనకి కావలసిన సన్నటి సంకేతం కొట్టుకుపోతుంది. అప్పుడు 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ మానేసి, ఆ వెలుగు తక్కువగా పుట్టే 785 నానోమీటర్ల లేజర్‌కి మారతారు, లేదా సంకేతాన్ని పెంచడానికి వెండి నానో కణాల ద్రవం ఒక చుక్క వేస్తారు. శక్తి ఎక్కువ పెడితే నల్ల సిరా మాడిపోతుంది, కాబట్టి ఓపిక కావాలి. లిబ్స్ అనే ఇంకో లేజర్ పద్ధతి ఉంది, అది కావాలనే సూదిమొనంత చోట పేల్చి, పుట్టిన ప్లాస్మా వెలుగులోంచి ఇనుము, రాగి, జింకు లాంటి మూలకాల్ని చదువుతుంది. గుంట పడుతుంది, చిన్నదే, కానీ పడుతుంది.

ఈ పద్ధతి సత్తా చూడాలంటే యేల్ యూనివర్సిటీలోని విన్‌లాండ్ మ్యాప్ సంగతి చూడాలి. కొలంబస్ కన్నా ముందే, 15వ శతాబ్దంలో, ఉత్తర అమెరికా తీరం గీసిన పటం అన్నారు. పాత యూరప్ రాతల్లో మాచికాయ, అన్నభేది కలిపి చేసిన ఇనుప సిరా కాలం గడిచేకొద్దీ గీత చుట్టూ పసుపు జీర వదులుతుంది. ఈ పటంలోనూ పసుపు జీర ఉంది. 2002లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు రామన్‌తో చూస్తే నల్ల గీత కార్బన్ అని తేలింది, పసుపు గీతలోనేమో అనటేస్ అనే టైటానియం డయాక్సైడ్ కనపడింది. కార్బన్ సిరా అలా పసుపు జీర వదలదు. అనటేస్ రంగుగా మార్కెట్లోకి వచ్చింది 1920ల్లో. అంటే ఆ పాతదనాన్ని ఎవరో విడిగా గీశారన్నమాట! 2021లో యేల్ కూడా అది నకిలీ అని ప్రకటించింది.

ఇది చదివి చాలామంది మన ప్రోనోటు సిరా వయసు కూడా లేజర్ చెప్పేస్తుందనుకుంటారు. చెప్పదు. 1920ల తర్వాతి పదార్థం 15వ శతాబ్దపుదని చెప్పిన పటంలో దొరకడం వేరు, 2021లోనూ 2024లోనూ అదే షాపులో అమ్మిన అదే పెన్ను వేరు. బాల్‌పెన్ సిరాలోని ద్రావకం ఎంత ఆవిరైందో కొలిచే పద్ధతులున్నాయి, కానీ కాగితం బీరువాలో ఉందా, ఎండ తగిలే చోట ఉందా అన్న దాన్ని బట్టి లెక్క మారిపోతుంది. అలాగే "రెండూ వేరు" అని లేజర్ అంటే అది గట్టి మాట, "రెండూ ఒకటే" అంటే మాత్రం ఆ రకం పెన్ను అనే, ఆ పెన్నే అని కాదు. లక్షల పెన్నుల్లో అదే సిరా ఉంటుంది.

సిరాలు వేరని తేలినా కేసు గెలిచినట్టు కాదు. స్టాంపు వేసిన ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇచ్చేస్తే, దాన్ని నింపుకునే అధికారం తీసుకున్నవాడికి ఇచ్చినట్టేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ అంటుంది. ఎదుటివాళ్లు అప్పుడే దీన్ని పట్టుకుంటారు, సంతకం ఒక పెన్ను, మిగతాదంతా ఇంకో పెన్ను అయినా తప్పేముంది అని. కానీ రాసి ఇచ్చిన తేదీని తర్వాత దిద్దడం వేరే సంగతి, దానికి 87వ సెక్షన్ ఉంది, రాసి ఇచ్చినవాడి ఒప్పుదల లేకుండా చేసిన అలాంటి దిద్దుబాటు అతని మీద ఆ నోటునే చెల్లకుండా చేస్తుంది. అందుకే పరీక్షకి పంపమని అడిగేటప్పుడు ఏ అంకె, ఏ గీత అన్నది స్పష్టంగా రాయించండి, బిళ్లలు కత్తిరించే ముందే లేజర్ పరీక్ష జరగాలని అడగండి. అసలు నోటే పంపాలి, జిరాక్స్ ఇస్తే లేజర్‌కి కనపడేది మిషన్‌లోని టోనర్ పొడి మాత్రమే.