వన్స్ మోర్

"ష్... సైలెంట్‌గా ఉండండి!" ముందు వరస సోఫాలోంచి ఒకాయన వెనక్కి తిరిగి కసిరారు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తాత నోట్లో "వన్స్ మోర్" సగంలోనే ఆగిపోయింది.

స్టేజీ మీద హరిశ్చంద్రుడు కాటిసీను పద్యం అప్పుడే ముగించాడు. ఆ తాతకి ప్రతి పద్యమూ కంఠతా వచ్చు. నటుడితో పాటు పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

నాకు 1809 లండన్ గుర్తొచ్చింది. కాలిపోయిన కోవెంట్ గార్డెన్ థియేటర్‌ని మళ్లీ కట్టి, రేట్లు పెంచారు. డబ్బున్నవాళ్లకి విడిగా ప్రైవేట్ బాక్సులు కట్టారు. జనం ఊరుకోలేదు. గంటలు, బాకాలు మోగిస్తూ, "పాత రేట్లే కావాలి" అని అరుస్తూ 60కి పైగా రాత్రులు నాటకం ఒక్క ముక్క వినపడనివ్వలేదు! చివరికి మేనేజర్ కెంబుల్ స్టేజీ మీద క్షమాపణ అడిగాడు. స్టేజీ ముందు కింద కూర్చునే చోటు, అంటే పిట్, టికెట్ నాలుగు షిల్లింగుల నుంచి మళ్లీ మూడున్నరకి దిగింది.

వాళ్లని రౌడీలన్నారు. నాకు మాత్రం, నాటకం తమది కూడా అనుకున్నవాళ్లలా కనిపిస్తారు.

మన దగ్గర ఆ "వన్స్ మోర్" కోసమే నటులు పద్యం రెండోసారి, మూడోసారి ఎత్తుకునేవారు. ఇవాళ హరిశ్చంద్రుడు ఒక్క క్షణం ఆగి, వెనక గోడ వైపు చూశాడు. ఏ కేకా రాలేదు. తర్వాతి సీనులోకి వెళ్లిపోయాడు.