వెండి బురద సీసా

ల్యాబ్‌లో నేను తిన్న మొదటి తిట్టు సింకు దగ్గర. 1991లో తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో కొత్తగా చేరాను. సిల్వర్ నైట్రేట్ బొట్టుబొట్టుగా వేసి క్లోరైడ్ ఎంతుందో కొలిచే టైట్రేషన్ అయిపోయింది. ఫ్లాస్కులో మిగిలిన ముద్దను కుళాయి కింద పెట్టి కడిగేయబోతుంటే వెనక నుంచి కేక.

"ఏం నాయనా, ఎండి పారబోస్తా ఉండావే! మళ్ళా మీ నాయన పంపిస్తాడా?"

స్టోర్స్ చూసే పెద్దాయన. ఆయనది పీలేరు పక్క పల్లె, వెండిని ఎండి అనే అనేవారు. ఏది ఎండిపోతోందో తెలియక నేను కుళాయి వైపు చూశాను, అది చూసి క్లాసంతా నవ్వింది. సింకు పక్కనే మూత ఉన్న పెద్ద గోధుమరంగు సీసా ఉంది. సిల్వర్ క్లోరైడ్ బురదంతా అందులో పోయాలట. నెలకోసారి అది నిండేది. ఓ శనివారం మధ్యాహ్నం ఇద్దరు రీసెర్చ్ స్కాలర్లు ఆ బురదను బాగా కడిగి, జింకు ముక్కలు, పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వదిలేవారు. తెల్లటిది బూడిదరంగు పొడిగా మారేది. అదే వెండి. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఇగరబెట్టి, మళ్ళీ సిల్వర్ నైట్రేట్ చేసుకునేవాళ్ళం.

ఒకసారి తొందరలో జింకు పూర్తిగా కరగకుండానే తీసేశారు. ఆ వారం క్లాసులో ఇరవై మందికీ ఇరవై రకాల రీడింగులు. మా హెడ్ సార్ అందరి రికార్డుల్లోనూ సంతకం పెట్టి, పక్కన ఎర్ర ఇంకుతో "ఆదా" అని రాశారు. ఆయనకు కోపం వస్తే అంతే, అరిచేవారు కాదు.

ఆ ఆదా ఎందుకో మాకు అప్పుడు పూర్తిగా తెలీదు. పై నుంచి ఒక సర్క్యులర్ వచ్చిందనీ, అందులో కంటింజెన్సీ (చిల్లర ఖర్చులు), రసాయనాలు, మరమ్మతులు, పత్రికలు, 'ఇతరములు' అనే పద్దుల్లో కోత పెట్టమన్నారనీ విన్నాం. తర్వాత నేను లోకల్ ఫండ్ ఆడిట్‌లో, అంటే స్థానిక సంస్థల, యూనివర్సిటీల లెక్కలు తనిఖీ చేసే శాఖలో, ఉద్యోగంలో చేరి పాతికేళ్ళు ఇలాంటి పద్దులే చూశాను కాబట్టి ఇప్పుడు చెప్పగలను.

రాష్ట్ర యూనివర్సిటీకి ప్రభుత్వం ఇచ్చేది బ్లాక్ గ్రాంట్, అంటే ఖర్చులన్నిటికీ కలిపి ఇచ్చే మొత్తం. అందులో సింహభాగం జీతాలకూ పెన్షన్లకూ పోతుంది, వాటిని ఎవరూ ముట్టుకోలేరు. వంద రూపాయలు వస్తే ఎనభై ఐదు అక్కడే అయిపోతాయనుకోండి. ఇక పది శాతం కోత అంటే, మిగిలిన పదిహేనులో పది పోయినట్టు. ఉత్తర్వులో పది శాతమే, మా ల్యాబ్ దగ్గరికి వచ్చేసరికి అది మూడింట రెండు వంతులు. పైగా 1986 నాటి యూజీసీ జీతాల పెంపులో అదనపు భారంలో 80 శాతం కేంద్రం మోసింది, అదీ 1990 మార్చి వరకే. ఆ తర్వాత మొత్తం రాష్ట్రం నెత్తిన పడింది. జీతం పెరిగిన సంతోషమూ, బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) కొనలేని అవస్థా ఒకే చోటి నుంచి వచ్చాయని మా సార్లకు తెలియకుండా ఉంటుందా?

ఊళ్ళో మాత్రం వేరే లెక్క. లీలామహల్ దగ్గర టీ తాగుతుంటే ఎవరో ఒకరు అనేవారు, "కొండ మీద అన్ని కోట్లు వస్తా ఉండాయి, కింద మీకు గాజు సామాను కొనను లేదా?" అని. కొండ లెక్క కొండది, మా లెక్క మాది అని చెప్పి చెప్పి విసిగిపోయాం.

హెడ్ సార్ కోతను నడిపిన పద్ధతి గురించి మా బ్యాచ్‌లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. ద్రావణాన్ని కొలిచి తీసే పిపెట్‌ను 20 మిల్లీలీటర్ల నుంచి 10కి మార్చారు. రసాయనం సగం మిగిలింది, కానీ బ్యూరెట్ చూడడంలో జరిగే తప్పు అంతే ఉంటుంది కదా, దాంతో శాతంలో తప్పు రెట్టింపైంది. అందుకని మూడు రీడింగుల బదులు ఐదు తీయించారు. మరి మిగిలిందేమిటని అడిగితే, "ఓపిక మిగిల్చుకున్నావు కదయ్యా" అనేవారు. కొన విరిగిన బ్యూరెట్లకు రబ్బరు గొట్టం, క్లిప్పు తగిలించి మళ్ళీ స్టాండు ఎక్కించేవారు. డిస్టిల్డ్ వాటర్ తీసేటప్పుడు కండెన్సర్ చల్లబరిచి ఊరికే పోయే నీళ్ళను తొట్టిలోకి మళ్ళించారు, గాజు సామాను మొదటి కడుగుడు వాటితోనే. ఎండాకాలం కల్యాణి డ్యాం అడుగంటి కుళాయిలు రోజు మార్చి రోజు వచ్చినప్పుడు మిగతా డిపార్ట్‌మెంట్ల వాళ్ళు ఆ తొట్టి చూడడానికి వచ్చారు.

ఇవన్నీ నాకు నచ్చాయి. నచ్చనిది పరిశోధన పత్రికల, అంటే జర్నల్స్ సంగతి.

1991 జూలై మొదటి మూడు రోజుల్లోనే రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. 21 రూపాయల చిల్లర ఉన్న డాలరు 26 రూపాయల దగ్గరికి పోయింది. విదేశీ జర్నల్ ధర అక్కడ ఒక్క సెంటు పెరగకపోయినా ఇక్కడ ఐదో వంతుకు పైగా పెరిగింది. అటు పద్దేమో తగ్గింది. జర్నల్స్ చందా జనవరి నుంచి డిసెంబరుకు కడతారు కాబట్టి దసరా అయ్యాక తేల్చుకోవాలి. నా దస్తూరి బాగుంటుందని హెడ్ సార్ నన్ను కూర్చోబెట్టి మొత్తం జాబితా రాయించారు. పేరు, డాలర్లలో ధర, పౌన్లలో ధర, రూపాయల్లో ఎంత, చివర ఖాళీ గడి. ఆ గడిలో ఒక్కో సారూ టిక్కు పెట్టాలి, లేదా కొట్టేయాలి. బహుశా నేను ఆడిట్ వైపు పోవడానికి ఆ కాగితమే కారణం.

జాబితా పట్టుకుని గది గదికీ తిరిగాను. అందరూ పక్కవాళ్ళ జర్నల్స్ కొట్టేశారు. తిరిగి వచ్చేసరికి దాదాపు ప్రతి పేరు మీదా ఏదో ఒక గీత ఉంది. హెడ్ సార్ చాలాసేపు చూసి, ముందు తన సబ్జెక్టు జర్నల్స్ రెండూ కొట్టేశారు. ఆ తర్వాత మిగతావాళ్ళు మాట్లాడలేకపోయారు. దీన్ని త్యాగం అని మా స్నేహితులు చెప్పుకుంటారు. త్యాగమే కావచ్చు. కానీ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ముగ్గురి గురించి ఎవరూ అడగలేదు. వాళ్ళు నెలకోసారి రాత్రి బస్సెక్కి మద్రాసో బెంగుళూరో పోయి, అక్కడి లైబ్రరీల్లో నిలబడి నోట్సు రాసుకుని వచ్చేవారు. ఆ ప్రయాణం ఖర్చు సర్క్యులర్‌లో ఏ పద్దులోనూ లేదు, వాళ్ళ జేబులోంచి పోయింది. ఇంకో దారి రీప్రింట్ కార్డులు. "మీ వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపగలరు" అని అచ్చేసిన కార్డు మీద అడ్రసు రాసి జర్మనీకో జపానుకో వేస్తే, మంచివాళ్ళు ఉచితంగా పంపేవారు. ఆ కవర్ల మీది స్టాంపుల కోసం స్టోర్స్ పెద్దాయన మనవడు కాచుకుని ఉండేవాడు.

"ఒక్క ఏడాదికే" అని ఆపిన జర్నల్స్ అవి. నా సర్వీసులో నేను ఎన్నో "తాత్కాలిక" కోతలు చూశాను. ఆగిన పద్దు మరుసటి ఏడాది బడ్జెట్‌లో సున్నా దగ్గర మొదలవుతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే కొత్త పథకం అడిగినంత పని. తర్వాత యూజీసీ వేసిన జస్టిస్ పున్నయ్య కమిటీ 1993లో, కేంద్ర నిధులతో నడిచే యూనివర్సిటీలు ఖర్చులో 15 శాతం ఐదేళ్ళలో, 25 శాతం పదేళ్ళలో సొంతంగా సంపాదించుకోవాలని చెప్పింది. ఆ గాలి మన వైపూ వీచింది. పిల్లల ఫీజుల మీదే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు వచ్చాయి, రిటైరైన సార్ల కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. వాటి గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు ఈ సంచికలో ఉన్నారు.

పోయిన సంక్రాంతికి డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళాను. లైబ్రరీలో ఇప్పుడు కంప్యూటర్ మీద జర్నల్స్ వస్తున్నాయి, మంచిదే. పాత బైండు సంపుటాలు మాత్రం ఆ రాక్‌లోనే ఉన్నాయి, హెడ్ సార్ కొట్టేసిన రెండూ 1991తో ఆగిపోయి. సింకు పక్కన సీసా లేదు. ఏమైందని ఒక పిల్లాడిని అడిగితే, ఏ సీసా సార్ అన్నాడు.

మన బ్యాచ్ నుంచి ఏమైనా ఇద్దామని వాట్సాప్ గ్రూపులో మొదలెట్టాం. మెయిన్ గేటుకు ఆర్చ్ అన్నారు ఒకరు, పేర్లతో గ్రానైట్ పలక అన్నారు ఇంకొకరు. నేను సిల్వర్ నైట్రేటూ, బ్యూరెట్లూ, ఆరు నెలల డిస్టిల్డ్ వాటర్ కరెంటు ఖర్చూ అన్నాను. "వాటి మీద పేరెక్కడ రాయిస్తావ్ బా?" అని నవ్వారు. అయినా పద్దెనిమిది మందిమి ఒప్పుకున్నాం, డబ్బు కట్టాం. రసీదు మొన్న పోస్టులో వచ్చింది. పద్దు దగ్గర 'ఇతరములు' అని ఉంది.