ఒట్టి దొడ్డి ముందు పాట

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు లేదు. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె అది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు సంతలో కలిసినవాళ్లు జీడిపిక్కల ధర అడిగినంత మామూలుగా 'నీకెంత వచ్చింది?' అని అడుగుతారు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇన్ని దశాబ్దాల పరిశోధన తర్వాత కూడా ఇదమిత్థంగా తేలలేదు. నాకు 2017లో బయటపడింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఆకలి మందగించడం, సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, అంతే.

మరుసటి వేసవికి డయాలసిస్, అంటే కిడ్నీలకు బదులు యంత్రంతో రక్తం శుభ్రం చేయించుకోవడం, తప్పలేదు. ఆరోగ్యశ్రీ ఉండబట్టి వైద్యానికి డబ్బు కట్టలేదు కానీ, దారి ఖర్చులు, పోయిన కూలి మా నెత్తినే పడ్డాయి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. వేలు ఆనిస్తే లోపల జుమ్మని రక్తం పరుగెడుతుంటుంది. అది ఆగితే మూసుకుపోయినట్టేనని నర్సమ్మ చెప్పింది. అప్పటినుంచి రాత్రి మెలకువ వస్తే ముందు ఆ చేతిని చెవి దగ్గర పెట్టుకుని, ఆ చప్పుడు విన్నాకే ప్రార్థన మొదలుపెట్టేదాన్ని. రెండు లావుపాటి సూదులు, నాలుగు గంటలు, ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకోవలసినంత చలి, చివరి గంటలో పిక్కలు పట్టేయడం. తాగే నీళ్లకు కొలత. కూరగాయలు తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తినాలి. కొబ్బరినీళ్లయితే అసలే కూడదు. అందులోని పొటాషియం గుండెను ఆపేయగలదట. మా ఇంటి చుట్టూ ఉన్నదేమో కొబ్బరితోట!

ఆ రోజుల్లో ఊరికి వచ్చిన ఒక బోధకుడు నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఇక మందులు మానేయమన్నాడు. మింగితే విశ్వాసం లేనట్టేనట. నేను మానలేదు. బెన్ గలిసన్ అనే కెనడా మిషనరీ డాక్టరు మా సోంపేటలోనే ఎందరికో కంటి ఆపరేషన్లు చేసి చూపు తెప్పించారు. ఆ కత్తి దేవుడిదైతే నా మాత్ర ఎవరిది? బైబిల్లో అపొస్తలుడైన పౌలు వెంట తిరిగిన లూకా కూడా వైద్యుడే. ఆ పౌలే తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. ఆయనకు విశ్వాసం చాలలేదని ఈ బోధకుడు చెప్పగలడా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. తెల్లారి చూస్తే మా ఆయన పెంచిన చెట్లు సగానికి పైగా నేలమీద ఉన్నాయి. కొబ్బరిమొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. ఆయన ఆ మొద్దుల మధ్య తిరుగుతూ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ ఆదివారం రేకులెగిరిపోయిన మందిరంలో పాస్టరుగారు హబక్కూకు మూడో అధ్యాయం చదివారు. అంజూరపు చెట్లు పూయకపోయినా, ఒలీవలు కాయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా తాను దేవునిలో ఆనందిస్తానంటాడు ప్రవక్త. చిన్నప్పుడు కంఠస్థం చేసిన వాక్యమే. కానీ చెట్లు మళ్లీ కాస్తాయని ఆయన ఎక్కడా అనలేదని ఆ రోజే గమనించాను. ఒట్టి దొడ్డి ముందు నిలబడే ఆ పాట పాడాడు. నేనేమో బాగయ్యాక సంతోషిద్దామని అప్పటిదాకా వాయిదా వేస్తూ ఉన్నాను.

మరుసటి వారం నుంచి డయాలసిస్ గదిలో సన్నగా కూనిరాగం తీయడం మొదలుపెట్టాను. ఎదుటి మంచం పెద్దాయన రోజూ నుదుట విభూతి పెట్టుకొచ్చేవారు. ఒకరోజు నేను అలిసి ఊరుకుంటే, 'ఏమ్మా, ఈరోజు మీ యేసయ్యకు సెలవా?' అన్నారు. గదంతా నవ్వు. పిక్కలు పట్టేసి ఏడుస్తున్న అమ్మాయి కూడా నవ్వింది. ఆయన మంచంలోకి వేరే మనిషి వచ్చిన రోజున నాకు పాట రాలేదు. గోడవైపు తిరిగి ఏడ్చాను. కీర్తనల్లో ఏడుపులూ ఉన్నాయి కదా, వాటిని దాటేసి ఆనందానికి దూకలేం.

2021లో అక్క తన కిడ్నీ ఇచ్చింది. పరీక్షలు, అనుమతుల కాగితాలు, విశాఖలో ఆపరేషన్. మెలకువ వచ్చేసరికి మంచం పక్కన సంచిలో మూత్రం నిండుతోంది. దాన్ని చూసి స్తోత్రం చెప్పుకున్నానంటే బయటివాళ్లు నవ్వుతారేమో కానీ, డయాలసిస్ చేయించుకున్నవాళ్లు నవ్వరు. కొన్నాళ్లకు డాక్టరుగారు నీళ్లు బాగా తాగమన్నారు. గ్లాసు నిండా పోసుకుని, కొలత చూడకుండా గటగటా తాగాను. ఆ మాట ఇప్పుడు రాస్తున్నా గొంతు చల్లబడుతోంది.

రోగం పూర్తిగా వదిలిందని చెప్పను. శరీరం ఆ కిడ్నీని పరాయిదనుకుని తోసేయకుండా పొద్దునా రాత్రీ మాత్రలు వేసుకోవాలి, జనంలోకి వెళితే మాస్కు పెట్టుకోవాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మా వాళ్లకు కొంతయినా దూరం తగ్గింది. తోటలో కొత్త మొక్కలు నాటాం. కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి.

అక్క మాత్రం రోజూ పొద్దున్నే ఫోను చేస్తుంది. నా బాగోగులు తర్వాత. 'ఏమే, నా కిడ్నీకి నీళ్లు పట్టావా?' అని ముందు అడుగుతుంది.