ఎండాకాలంలో కొండకర్ల ఆవ

వలస పక్షులు వెళ్లిపోయాక కొండకర్ల ఆవ అనే ఈ సరస్సులో చూడటానికేముంటుందని వైజాగ్‌లో చాలామంది అంటారు, నాకైతే మే, జూన్ నెలలే ఇష్టం. ఎండ ముదరకముందే అచ్యుతాపురం వైపు వెళ్లి దోనె ఎక్కితే, తామరాకుల మీద నెమలితోక జకానా అనే నీటిపక్షి పొడవాటి తోకతో తాపీగా నడుస్తూ కనిపిస్తుంది. ఆ తోక గుడ్లు పెట్టే కాలానికే పెరుగుతుంది, పొదిగేదీ పిల్లల్ని చూసుకునేదీ మాత్రం మగదే. పదింటికల్లా పక్షులు సద్దుమణుగుతాయి. ఇక తూనీగల వంతు. తుంగ కొసన వాలిన ఎర్ర తూనీగ, ఎండ నడినెత్తికి వచ్చేకొద్దీ తోకని నిటారుగా పైకి లేపుతుంది, ఒంటికి తగిలే వేడి తగ్గించుకోవడానికి. దాని పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ దోమ పిల్లల్ని తింటాయి, అలాంటి నీళ్లలో ప్లాస్టిక్ కవర్లు పడేసి పోతుంటే ఒళ్లు మండిపోతుంది. బైనాక్యులర్ లేకపోయినా రండి, తూనీగలకి కళ్లు చాలు.